పారేసిన మర్నాడు

ఏ వస్తువునైనా ఏళ్ల తరబడి దాచి ఉంచితే దానితో పని పడదు. పారేసిన మర్నాడే పడుతుంది. ఇది మా వీధిలో అందరికీ ఉన్న నమ్మకం. భూమి గుండ్రంగా ఉందన్న విషయంలో ఇద్దరు ముగ్గురికి ఇప్పటికీ అనుమానాలున్నాయి గానీ, దీని విషయంలో ఎవరికీ లేవు. పైగా ఇది పరీక్షకు లొంగని సిద్ధాంతం. పరీక్షించాలంటే ముందు పారెయ్యాలి, నమ్మినవాడు పారెయ్యడు. అందువల్ల మా వీధిలో అటకలన్నీ నిండి ఉన్నాయి, సిద్ధాంతం చెక్కుచెదరకుండా ఉంది.

దాన్ని పరీక్షకు పెట్టే గౌరవం మా ఏటవాలు వీధిలో ఎత్తు మీది చివరి ఇంటాయనకు దక్కింది. ఆయన ఒక యంత్రాల కర్మాగారంలో నాణ్యతా తనిఖీ అధికారిగా పనిచేసి రిటైరయ్యారు. వెంట్రుకవాసి తేడా ఉన్న భాగాన్ని సైతం పనికిరాదని పక్కన పడేయించిన నిక్కచ్చి మనిషి. ఉద్యోగకాలమంతా ఆ ఒక్క మాటే వాడి వాడి విసిగిపోయారు కాబోలు, ఇంట్లో మాత్రం దాన్ని గుమ్మం దాటి రానిచ్చేవారు కారు. విరిగిన గొడుగు చూపించినా, చిల్లుపడ్డ బకెట్ చూపించినా "పనికొస్తుంది" అనేవారు. వీధివాళ్లం ఆయన్ను పనికొస్తుందిగారు అని పిలుచుకునేవాళ్లం. ఎదురుగా కాదు లెండి.

పనికొస్తుందిగారికి ఒకప్పుడు కారుండేది. మెకానిక్ ఏ భాగం మార్చినా, పాతదాన్ని గుడ్డలో చుట్టించి ఇంటికి తెచ్చుకునేవారు. డబ్బిచ్చి కొన్నదాన్ని షెడ్డులో వదిలి రావడం ఆయన ఒంటికి సరిపడదు. ఆ విధంగా ఇంటి కింది గదిలో రేడియేటరు, సైలెన్సరు, అరిగిన క్లచ్ ప్లేట్లు, మసకబారిన హెడ్‌లైట్లు, సొట్టపడ్డ ఎడమ తలుపు, దూది బయటికొచ్చిన వెనక సీటు వగైరా కొలువుదీరాయి. కొన్నాళ్లకు కారును, ఆసుపత్రి ముందు అద్దెకు తిప్పుకునే ఒక డ్రైవరుకు అమ్మేశారు. కారు వెళ్లిపోయింది, భాగాలు మిగిలాయి. నిదానంగా ఆలోచిస్తే, ఆయన మొదట కొన్న కారు గదిలోనే ఉందనీ, డ్రైవరు తోలుకుపోయింది మెకానిక్ తయారుచేసిన మరో కారనీ తేలుతుంది. ఈ సంగతి డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు.

గదిలో ఒకే ఒక్కటి కొత్తది: క్లచ్ వైరు. దారి మధ్యలో తెగితే చేతికందేలా ఉండాలని, కారు కొన్ననాడే కొని పెట్టుకున్నారు. కారు ఆయన చేతిలో ఉన్నంతకాలం అది తెగలేదు. కవరైనా చింపకుండా గోడకు మేకు మీద వేలాడుతూ ఉండేది. దాన్ని ఎవరికైనా చూపించేటప్పుడు ఆయన గొంతు కాస్త మెత్తబడేది.

ఇక్కడ కొంచెం వ్యాకరణం అవసరం. "పనికొస్తుంది" అన్న మాట మన భాషలో ఇప్పటికి చెల్లుతుంది, ఎప్పటికో కూడా చెల్లుతుంది. ఇవాళ పనికొస్తుందన్నా అదే రూపం, ఏదో ఒకనాడు పనికొస్తుందన్నా అదే రూపం. వినేవాళ్లు వర్తమానంలో వింటారు, ఆయన భవిష్యత్తులో మాట్లాడతారు. ఆ పెద్దమనిషి జీవితంలో ఒక్క అబద్ధమూ ఆడలేదు. కాలాల దగ్గర మాత్రమే చిన్న తేడా.

ఆయన భార్య లెక్కల టీచరుగా పనిచేశారు. వంటిల్లు కింద, కారు కింద, పడక పైన కావడంతో ఆవిడ రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండేవారు. నల్లబల్ల ముందు నిలబడి కొంత, మెట్ల మీద మిగతాదీ, మొత్తానికి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు ఎక్స్‌రేలు వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, రెండూ మార్చక తప్పదనీ, ఆపరేషను తర్వాత కొన్ని నెలలు మెట్ల జోలికి పోవద్దనీ, కింది గదిలో మంచం వేయించుకోమనీ చెప్పారు.

"కింది గది ఖాళీ లేదండీ" అన్నారు టీచరుగారు.

"ఎవరుంటున్నారు?"

"కారు."

ఆవిడ తమ్ముడు తన ఇంట్లో లిఫ్టు ఉంది కాబట్టి ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే రమ్మన్నాడు. టీచరుగారు ఒప్పుకోలేదు. తన ఇంట్లో తనకు మంచం పట్టేంత చోటు దొరుకుతుందో లేదో తేల్చుకోవాలనీ, దొరక్కపోతే తమ్ముడింటికి వెళ్తాననీ, అయితే ఇక తిరిగి వచ్చే ఆలోచన ఉండదనీ లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పారు. పనికొస్తుందిగారు గది ఖాళీ చేస్తానని మాటిచ్చారు. పారేసి కాదు, అమ్మి.

కారు సామాను అమ్మబడునని గేటుకు బోర్డు కట్టారు. మొదట వచ్చినవాడు పాత ఇనుము కొనే వ్యాపారి. గుమ్మంలో నిలబడి గదంతా ఒక్క చూపుతో తూచేసి, మొత్తం కలిపి ఇంత బరువుంటుందన్నాడు. ఈ రేడియేటరుకూ, ఆ మూల ఉన్న విరిగిన కుర్చీకీ ఒకే రేటా అని ఆయన నిలదీశారు. "ఏది ఏంటో కాటాకి తెలీదు కదండీ బాబూ" అన్నాడు వ్యాపారి. బరువుకూ నాణ్యతకూ భేదం ఎరగనివాడితో బేరం పెట్టుకోవడం తన హోదాకు తగదని భావించి, ఆయన అతణ్ణి మర్యాదగా సాగనంపారు.

తర్వాత వచ్చినవాళ్లను, అల్లుణ్ణి వెతికే మామగారిలా విచారించారు. బండి ఎవరు నడుపుతారు? గుంతల్లో నెమ్మదిగా పోనిస్తారా? ఎండలో నిలబెడతారా, నీడలోనా? ఒకతను ఎడమ తలుపు కావాలంటే, ముందు కుడి తలుపును ఎలా చూసుకుంటున్నాడో తెచ్చి చూపించమన్నారు. అతను మళ్లీ రాలేదు. ఒక్క మనిషి మాత్రం అన్ని ప్రశ్నలకూ తృప్తికరంగా జవాబులు చెప్పి, హారను కొనుక్కుని వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. అది మోగలేదు.

"పనికొస్తుందన్నారు కదండీ?"

"వస్తుందన్నాను. ఇవాళే వస్తుందన్నానా?"

హారను తన మేకుకు తాను చేరుకుంది.

ఈ పరిస్థితిని వీధి సంక్షేమ సంఘం ఉపేక్షించలేదు. అత్యవసర సర్వసభ్య సమావేశం ఏర్పాటైంది. 'నిరుపయోగ వస్తుజాలము – పౌరుని కర్తవ్యము' అన్న అంశంపై సంఘం అధ్యక్షులవారు ఉపన్యసించారు.

"సోదరులారా, సోదరీమణులారా! ఇల్లు దేనికి? మనిషి ఉండడానికి. వస్తువు దేనికి? వాడుకోవడానికి. వాడనిదాన్ని వదులుకోలేనివాడు వస్తువుకి యజమాని కాదు, కాపలాదారు! ఇది ఎవరినీ ఉద్దేశించి అంటున్న మాట కాదని మనవి. నా సంగతే చూడండి. నాకు కారు లేదు. కారు లేనప్పుడు నా ఇంట్లో కారు సామాను ఒక్కటైనా ఉందా? ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు!"

దీర్ఘమైన చప్పట్లు. ఎవరూ చూసుకోవడానికి వెళ్లలేదు. ఆయన ఇంటి లోపలి గదులు పాత ఫ్యాన్లతోనూ, నీళ్లు కాగని హీటర్లతోనూ, చదివేసిన పేపర్ల కట్టలతోనూ నిండి ఉన్నందున అడుగు పెట్టే వీలు లేదు. సమావేశాన్ని వరండాలో పెట్టడానికి కూడా అదే కారణం. వాడని వస్తువులను తక్షణమే వదిలించుకోవాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పనికొస్తుందిగారు కూడా చెయ్యెత్తారు. తీర్మానం ప్రతిని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రపరుచుకున్నారు. పనికొస్తుందని.

గది అలాగే ఉండగా ఆపరేషను రోజు వచ్చింది, అయింది, విజయవంతమైంది. మర్నాడు డాక్టరు చూడ్డానికి వచ్చినప్పుడు పనికొస్తుందిగారు కొంచెం మొహమాటపడుతూ, తీసిన పాతవి ఎక్కడ పెట్టారని అడిగారు.

"పాతవేంటండీ?"

"మోకాళ్లవి. మార్చినవి పార్టీకి తిరిగిచ్చేస్తారు కదా, మామూలుగా."

"తీసుకెళ్లి ఏం చేసుకుంటారు?"

"పనికొస్తాయి."

ఇది హాస్యం కాదు. ఆయన హాస్యమాడినట్టు ఎక్కడా దాఖలాలు లేవు. నర్సు గోడ వైపు తిరిగి నిలబడింది. డాక్టరు చేతిలోని కాగితాలను శ్రద్ధగా చదవసాగారు. మంచం మీద నుంచి, కళ్లు తెరవకుండానే, టీచరుగారు జవాబిచ్చారు.

"పనికొచ్చినన్నాళ్లూ వచ్చాయండీ అవి. మీ కాఫీ పైకి మోశాయి, మీ భోజనం పైకి మోశాయి. ఇంక వాటినన్నా వదిలెయ్యండి."

పనికొస్తుందిగారు కుర్చీలో కూలబడ్డారు. ఆ క్రియాపదాన్ని భూతకాలంలో ఆయన వినడం అదే మొదటిసారి.  ఆవిడను ఇంటికి పంపే రోజు ఖాయమయ్యాక, దానికి ముందురోజు పొద్దున్నే బండి తెమ్మని పాత ఇనుము వ్యాపారికి ఫోన్ చేశారు. రేటు అడగలేదు.

ఆ పొద్దున కారు భాగాలన్నీ ఒక్కొక్కటే వీధిలోకి వచ్చాయి. పనికొస్తుందిగారు పారేస్తున్నారన్న వార్త ఎత్తు మీద నుంచి పల్లానికి నీళ్లకంటే వేగంగా పాకింది. మా వీధివాళ్లు తర్కం తెలిసినవాళ్లు. పారేసిన మర్నాడే పని పడుతుంది. ఆయన పారేస్తున్నది ఇవాళ. కాబట్టి పని పడేది రేపు. రేపు పని పడబోయే వస్తువును ఇవాళ కళ్లెదుటే పోనిచ్చేవాణ్ణి ఏమనాలి? ఈ వాదనలో దోషం పట్టడం పండితులకు కూడా కష్టం. ఇనుము బండి వచ్చేలోపల క్యాషియరుగారు రేడియేటరును చంకనెత్తుకున్నారు. సంగీతం మాస్టారు సైలెన్సరును ఇటూ అటూ తిప్పి, ఊది చూసి పట్టుకుపోయారు. తలుపును కంపౌండరు, హెడ్‌లైట్లను ఫొటోగ్రాఫరు, వెనక సీటును టైలరు తరలించారు. మోగని హారను కోసం ఇద్దరు పెద్దమనుషులకు మాటామాటా పెరిగింది. అధ్యక్షులవారు అందరికంటే చివర వచ్చి, తీర్మానం అమలవుతున్న తీరుకు హర్షం వెలిబుచ్చి, సభ్యులకు తోడుగా నిలవడం అధ్యక్షుడి ధర్మం కనుక తానూ చిన్నదొకటి స్వీకరిస్తున్నానని ప్రకటించి, క్లచ్ వైరు తీసుకున్నారు. వ్యాపారి ఖాళీ బండితో వచ్చి ఖాళీ బండితో వెళ్లాడు.

పనికొస్తుందిగారు గది కడిగించి, మంచం వేయించి, తానే దుప్పటి పరిచి, ముడతలు చేత్తో సాపు చేశారు. నేల మీది నూనె మరకలు ఎంత రుద్దినా పోలేదు.

మర్నాడు టీచరుగారిని ఆసుపత్రి నుంచి పంపారు. బయట వరసలో ఎవరి వంతు వస్తే ఆ కారే ఎక్కాలి. వచ్చిన వంతు కారు కొనుక్కున్న ఆ డ్రైవరుది, ఆ పాత కారుది. "మీ బండే సార్, దర్జాగా కూర్చోండి" అన్నాడతను. వీధి మొదట్లో, ఎత్తు మొదలయ్యే చోట, గేరు మార్చబోతే క్లచ్ పెడలు మెత్తగా నేలకు అతుక్కుపోయి మళ్లీ పైకి లేవలేదు. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, వంగి చూశాడు.

"క్లచ్ వైరు తెగింది సార్. ఈ మోడల్‌కి ఇప్పుడు ఎక్కడా దొరకదు. మీ దగ్గర కొత్తది ఒకటుండాలే? బండి అమ్మిననాడు అడిగితే ఇవ్వనన్నారు."

పనికొస్తుందిగారి మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత ఆయన అధ్యక్షులవారి ఇంటికి దాదాపు పరుగెత్తారు. అధ్యక్షులవారు ఆదరంగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విషయమంతా విని, తల పంకించారు.

"మీరు అడగడమూ నేను కాదనడమూనా అండీ? కాకపోతే ఒక్కటి ఆలోచించండి. ఇవాళ ఇచ్చేశాననుకోండి, రేప్పొద్దున్నే నాకు దాంతో పని పడుతుంది. మీకు తెలియనిదేముంది?"

"మీకు కారు లేదు కదండీ."

"ఇప్పుడు లేదు."

"మా ఆవిడ కార్లో కూర్చుని ఉందండీ. నిన్ననేగా మీరు పట్టుకెళ్లారు."

"అందుకే కదండీ జాగ్రత్త చేశాను. పనికొస్తుంది."

పనికొస్తుందిగారు ఖాళీ చేతులతో లేచారు. ఆ వాదనలో ఆయన ఎరగని మాట ఒక్కటీ లేదు.

ఈలోగా కారు చుట్టూ వీధంతా చేరింది. తలా ఒక చెయ్యి వేసి పైదాకా తోసేద్దామని క్యాషియరుగారు ప్రతిపాదించగా సంగీతం మాస్టారు బలపరిచారు. టీచరుగారు వెనక తలుపు తెరిచారు.

"తోసుకుపోవడానికి నేనేమన్నా పాత సామానునా? ఆ వాకరు ఇటివ్వండి."

ఆవిడ దిగారు. వాకరు ఒక అడుగు ముందు, ఆవిడ ఒక అడుగు వెనక. క్యాషియరుగారి గేటు లోపల రేడియేటరు కనిపించింది. కంపౌండరు గోడకు ఎడమ తలుపు ఆనించి ఉంది. ఫొటోగ్రాఫరు కిటికీలోంచి హెడ్‌లైట్లు చూశాయి. టైలరు అరుగు దగ్గర ఆవిడకు ఆయాసం వచ్చి ఆగితే, అక్కడ వేసిన కారు సీటు మీద కూర్చోవద్దనీ, ఇప్పుడే కొత్త ప్లాస్టిక్ తొడిగాననీ టైలరు వినయంగా మనవి చేశాడు. ఆవిడ వాకరు మీద చేతులు ఆనించి కాసేపు నిలబడి, మళ్లీ కదిలారు. పనికొస్తుందిగారు పక్కనే నడిచారు. 

ఫలితం, అందరి ఎరుక కోసం, ఇక్కడ నమోదు చేయడమైనది. పారేసిన మర్నాడే పని పడింది. నమ్మకం నిజమేనని రుజువైంది. క్లచ్ వైరు అధ్యక్షులవారి ఇంట్లో, కవరు చింపకుండా ఉంది. కారు వీధి మొదట్లో ఉంది. టీచరుగారు నడిచి ఇల్లు చేరారు.