కట్టెల్లేని కాగు

మా గిద్దలూరు తాలూకా తెలుగోళ్లకు సొంత రాష్ట్రం వచ్చి రెండేళ్లయింది గానీ, మా ఇంట్లో రాజ్యం మాత్రం పెళ్లినాటి నుంచీ రోశమ్మదే. ఆ ఆదివారం ఆమె కొత్త చట్టం చేసింది. కట్టెలు కొట్టి తెస్తేనే నాకు తలంటు నీళ్లు.

మీకు తెలుసు కదా, వేడినీళ్లు పడనిదే నాకు ఆదివారం ఆదివారంలా ఉండదు. కట్టెలంటే చేనిగట్టు మీది చిల్లకంప, ఒళ్లంతా ముళ్లు. పుల్లయ్య అని పేరు పెట్టుకుని ఒక పుల్లయినా తేని మొగుడు దొరికాడని ఆమె గొణిగింది. నేను విననట్టే ఉన్నాను.

ఎందుకంటే ముందురోజే సైన్సు అయ్యవారు రంగనాయకులు మా అరుగు మీద కూర్చుని ఒక సంగతి చెప్పాడు. బట్టీలో కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే రెండూ కలిసి వేరే పదార్థం అవుతాయట. ఆ మార్పులో బోలెడు వేడి బయటికొస్తుందట. నిప్పూ లేదు, పొగా లేదు.

పోలయ్య సున్నపు బట్టీకి పోయి రెండు గంపల రాయి మోసుకొచ్చాను. బర్రె కుడితి తొట్టి మధ్యలో నీళ్ల కాగు పెట్టి, చుట్టూ రాయి పేర్చాను. రోశమ్మ చేట పట్టుకుని వచ్చి నిలబడింది.

“ఏంది ఇది?”

“సైన్సు. కట్టె లేకుండా నీళ్లు కాగుతాయి.”

“ఆ రాయిని బట్టీలో దేంతో కాల్చినారు?”

“కట్టెలతోనే.”

“ఆ వేడే కదా ఇప్పుడు బయటికొచ్చేది. పోలయ్యన్న కొట్టిన కట్టెలతో నువ్వు తలంటుకుంటావన్నమాట.”

అయ్యవారు కూడా ఇంతదూరం చెప్పలేదు. నాలుగు బిందెల నీళ్లు ఒకేసారి రాయి మీద కుమ్మరించాను.

మొదట రాయి నీళ్లు పీల్చింది. తర్వాత రాయి బుసకొట్టింది, పగిలింది, ఉబ్బింది. తొట్టంతా కుతకుత ఉడికింది. బర్రె పలుపు తెంచుకుని వీధిన పడింది. కోళ్లు కొట్టమెక్కాయి. ఆవిరి చూసి ఇల్లంటుకుందనుకున్న పక్కింటి పాపమ్మత్త బిందెతో పరుగెత్తుకొచ్చి, ఆ నీళ్లూ అందులోనే పోసింది. దాంతో సున్నం పొంగి కాగులోకే దూకింది.

నీళ్లు మాత్రం వేలు పెట్టలేనంతగా కాగాయి. కాకపోతే మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. పోసుకుంటే తలమీద వెంట్రుక మిగలదని రోశమ్మ నెమ్మదిగా చెప్పింది.

“పొద్దుగూకేలోపల బర్రెను పట్టుకొచ్చి కుడితి పెట్టాల. తొట్టి ఖాళీ చెయ్యి.”

“ఇంత సున్నం యాడ పొయ్యాల?”

ఆమె ఈతమట్ట కుంచె నా చేతిలో పెట్టి గోడల వైపు చూసింది.

సున్నమంతా పాత కుండల్లోకి ఎత్తి రెండురోజులు కొట్టాను. వంటిల్లు, వసారా, ప్రహరీ. ఇల్లు వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకే ముచ్చటేసింది. పాపమ్మత్త వచ్చి గోడలన్నీ తడిమి చూసి పోయింది.

“మిగిలిన సున్నం పాపమ్మత్త ఇంటికి సరిపోతాది. రేపు నువ్వే కొడతావని చెప్పినా,” అంది రోశమ్మ.

“ఊరికేనా?”

“ఊరికెందుకు? ఆమె కొడుకులు బండెడు కట్టెలు తోలిస్తారంట.”

మూడోరోజు నేను పాపమ్మత్త ఇంటికి సున్నం కొట్టేసరికి మా వాకిట్లో కట్టెలు దిగాయి. కంప కొట్టి ఉంటే ఒక పూటలో అయిపోయేది. సాయంత్రం రోశమ్మ కాగు నిండా నీళ్లు కాచి, నా వీపు మీది సున్నం తనే రుద్దింది. ఇదంతా ఎప్పుడు ఆలోచించావని అడగబోయి మానుకున్నాను. నీళ్లు భలే వేడిగా ఉన్నాయి.