మోగని సైరన్, కదలని జీపు

ఆ మంగళవారం పొద్దున డిప్యూటీ తహసీల్దారు జయచంద్ర ఉగ్గాణి ప్లేటు ముందు పెట్టుకుని దేశ భద్రత గురించి ఆలోచిస్తున్నాడు. బజ్జీ వేడిగా ఉన్నప్పుడే తినమని భార్య కృపాకుమారి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఆయన “ఊఁ” అన్నాడు గానీ చేయి కదల్లేదు.

“ఏమయింది మీకు? యుద్ధానికేమన్నా పోతాండారా?” అంది ఆమె.

“యుద్ధం కాదు, మాక్ డ్రిల్. యుద్ధమొచ్చినా, అగ్గి పడినా జనం ఎట్ల తప్పించుకోవల్లనో ముందే నేర్పియ్యడం. అది బాగా జరిగిందనుకో, మనూరికి ఫైరింజన్ వచ్చాది.”

“జరక్కపోతే?”

“జరుగుతాది” అన్నాడు జయచంద్ర, చల్లారిన బజ్జీ కొరుకుతూ.

ఆయన ధీమా ఉత్తుత్తిది కాదు. ప్రజల రక్షణ కోసం ఢిల్లీలో ఏటా కొంత సొమ్ము కేటాయిస్తారు. రాష్ట్రం దానికి తన వాటా కలిపి జిల్లాలకు పంపుతుంది. ఏ మండలం ఎలాంటి ప్రణాళిక వేసుకుందో చూసి, ఎవరికేమివ్వాలో అక్కడ తేలుస్తారు. శింగనమల దాటి లోపలికి పోతే వచ్చే ఎర్రబోడుపల్లి మండలం తరఫున జయచంద్ర వేసిన ప్రణాళిక పైవాళ్ళకు నచ్చింది. మొదటి విడతలో సైరన్ వచ్చింది. రెండో విడతలో ఫైరింజన్ ఇవ్వాలో వద్దో తేల్చేముందు, సైరన్ వినగానే జనం ఏం చేస్తారో రాష్ట్ర కార్యాలయం నుంచి ఒక పరిశీలకురాలు వచ్చి చూస్తారు.

ఫైరింజన్ మీద ఆయనకు అంత పట్టుదల ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. పోయిన ఎండాకాలం వీరప్ప అనే రైతు కళ్ళంలో వేరుశనగ కట్టె వామి అంటుకుంది. అనంతపురం నుంచి ఫైరింజన్ వచ్చేసరికి వామి బూడిదైంది. పక్కన కట్టేసిన ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. వచ్చిన సిబ్బంది బూడిద మీద నీళ్ళు కొట్టి, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగి, తల వంచుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నీళ్ళు మోసినవాళ్ళలో జయచంద్ర కూడా ఒకడు. తడిసిన చొక్కాతో ఇంటికొచ్చి, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ప్రణాళిక తేలికైనదే. పది గంటలకు ఆఫీసు మిద్దె మీద సైరన్ మోగుతుంది. జనం ఎక్కడి పని అక్కడ వదిలేసి, సామాన్లేవీ పట్టుకోకుండా హైస్కూలు మైదానానికి నడిచి వచ్చి, తొక్కిసలాట లేకుండా కూర్చుంటారు. ఇందులో చెడిపోవడానికి ఏముందని జయచంద్ర అనుకున్నాడు.

ముందుగా ఏర్పాట్లు చూద్దామని ఎనిమిదింటికే మోటారు సైకిలు మీద మైదానానికి వెళ్ళాడు. గేటు నుంచి జెండా దిమ్మె దాకా బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఇత్తడివి, ప్లాస్టిక్‌వి, మూత లేని పెయింటు డబ్బాలు కూడా. వరుస మొదట్లో బయమ్మ గొంతుక్కూర్చుని ఆకువక్క నములుతోంది. ఎక్కడ ఏ క్యూ కట్టినా మొదటి చోటు బయమ్మదేనని ఆ ఊళ్ళో పేరు.

“ఏంది బయమ్మవ్వా ఇది?”

“ట్యాంకరు వచ్చాదంట గదప్పా. కొళాయి రాక ఎన్నాళ్ళాయె!”

జయచంద్ర ఆఫీసు అటెండరు తిప్పన్న కోసం చుట్టూ చూశాడు. ముందు రోజు ఊళ్ళో దండోరా వేసింది అతనే.

“తిప్పన్నా, నిన్న ఏమని చెప్పినావు?”

“మీరు చెప్పమనిందే సార్. రేపు పది గంటలకు సైరన్ మోగుతాది, గవర్నమెంటోళ్ళు వచ్చాండారు, అందరూ హైస్కూలు కాడికి రావల్ల అని.”

“మాక్ డ్రిల్ అని చెప్పినావా, లేదా?”

“ఆ మాటకు నోరు తిరగలేదు సార్. యాలకని అడిగినోళ్ళకు, వస్తే తెలుస్తాదిలే అని చెప్పినా.”

గవర్నమెంటు వాళ్ళు వస్తున్నారంటే ఏదో ఇవ్వడానికైనా రావాలి, ఏదో తీసుకోవడానికైనా రావాలి. తీసుకోవడానికైతే దండోరా వేయించరు. కాబట్టి ఇవ్వడానికేనని ఊరు తేల్చుకుంది. ఏమివ్వడానికి అన్నది మాత్రం ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళు పూరించుకున్నారు.

“అవ్వా, ట్యాంకరూ లేదు, గీంకరూ లేదు. ఆపదొస్తే ఎట్ల తప్పించుకోవల్లనో నేర్పిచ్చేదానికి పెట్టినాం” అన్నాడు జయచంద్ర.

“నీళ్ళు లేకపోవడం ఆపద కాదా?”

“ఇది నీళ్ళ పని కాదవ్వా. ఢిల్లీ నుంచి వచ్చిన స్కీము” అని తప్పించుకోబోయాడు.

అదే ఆయన చేసిన మొదటి తప్పు. ‘ఢిల్లీ’, ‘స్కీము’ అన్న రెండు మాటలూ ఆయన ఆఫీసుకు చేరేలోపే ఊరు చుట్టి వచ్చాయి. అదును దగ్గర పడుతోంది, సబ్సిడీ విత్తన శనక్కాయల కోసం అందరూ ఎదురు చూస్తున్నారు. బిందెల పక్కన ఇంకో వరుస మొదలైంది. ఈసారి చెప్పులు, ఇటుక రాళ్ళు, పాస్‌బుక్కులు పెట్టిన ప్లాస్టిక్ కవర్లు. చెప్పుల వరుసకూ బిందెల వరుసకూ ఏది ముందన్న తగాదా వచ్చింది.

తిప్పన్న ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. “సార్, జనం తోసుకుంటాండారు. ఎవురన్నా కింద పడితే మనకే చెడ్డపేరు.”

జయచంద్ర బ్యాటరీ మైకు పట్టుకుని మైదానానికి పరుగు తీశాడు. పరిశీలకురాలు వచ్చేసరికి తోపులాట ఉండకూడదు. “ఎవురూ తోసుకోవద్దండి! నెమ్మదిగా కూర్చోండి. ఈడ అందరికీ జాగా ఉండాది. రాని ఊళ్ళోళ్ళు కంగారు పడే పనిల్యా, వాళ్ళకు తర్వాత వచ్చాది!”

ఆయన చెప్పింది కూర్చునే చోటు గురించి, డ్రిల్లు వంతు గురించి. జనానికి మాత్రం జాగా అంటే ఇంటి జాగా. పట్టాల కోసం వాళ్ళు తిరగని ఆఫీసు లేదు. సాక్షాత్తూ డిప్యూటీ తహసీల్దారే మైకులో అందరికీ జాగా ఉందన్నాడు. సెల్‌ఫోన్లు బయటికి వచ్చాయి. “యో, యాడుండావు? పని ఇడిసిపెట్టి రా. జాగాలిచ్చాండారు. మీ ఊరికి తర్వాతంట, తర్వాతంటే తెలుసు గదా!”

ఆ ‘తర్వాత’ అన్న మాటకు పక్క ఊళ్ళు కదిలాయి. ఆటోలు, ట్రాక్టర్లు, ముగ్గురేసి ఎక్కిన మోటారు సైకిళ్ళు వచ్చి పడ్డాయి. బయమ్మ మాత్రం తొందర పడలేదు. పట్టా తన మరిది పేరు మీద రావాలి, ఆయన పక్షవాతంతో మంచం పట్టాడు. వేలిముద్ర వేయాల్సి వస్తుందేమోనని, నలుగురు మనుషుల చేత మంచంతో సహా మోయించి తెప్పించింది. అది చూసి మరో రెండు ఇళ్ళ వాళ్ళు కూడా మంచాలు మోసుకొచ్చారు.

జాగా పోతుందన్న భయంతో ఎవరూ గొడవ పడలేదు. ముసలివాళ్ళు ముందు, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, ఆఫీసరు నడిచి రావడానికి మధ్యలో దారి. గీత గీసినట్టు కూర్చున్నారు.

పది గంటలకు మిద్దె మీద ఉన్న తిప్పన్న స్విచ్చి నొక్కాడు. కరెంటు లేదు. మళ్ళీ నొక్కాడు. ఏమీ జరగలేదు. సరిగ్గా అప్పుడే పరిశీలకురాలు పద్మప్రియ జీపు మైదానంలోకి వచ్చింది.

విజయవాడ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన ఆమె జీపు దిగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. “సైరన్ మోగినట్టు లేదే?”

“కరెంటు పోయింది మేడమ్” అన్నాడు జయచంద్ర సన్నగా.

“సైరన్ లేకుండానే వచ్చేశారా వీళ్ళంతా!” ఆమె మధ్య దారిలో నడుస్తూ మంచాల దగ్గర ఆగిపోయింది. “మంచాన పడ్డవాళ్ళని కూడా వదిలిపెట్టలేదు. మేం శిక్షణ ఇచ్చిన ఊళ్ళలో కూడా ఇది చూడలేదండీ.” బయమ్మ వైపు వంగింది. “ఎందుకొచ్చారమ్మా?”

తప్పు జవాబు చెబితే వరుసలోంచి లేపేస్తారేమోనని బయమ్మ ఆచితూచి పలికింది. “మీరు పిలిచినారు గదమ్మా. వచ్చినాం.”

“కంగారు పడలేదా?”

“కంగారెందుకు? నేను ముందే ఉండా గదా.”

పద్మప్రియ కళ్ళు చెమర్చాయి. జయచంద్రను పక్కకు పిలిచి చేయి కలిపింది. “అద్భుతం. మీకు ప్రశంసాపత్రం ఇప్పించే పూచీ నాది.”

“మరి ఫైరింజన్ మేడమ్?”

“మీకెందుకండీ అది? ఈ ఏడాది జిల్లాకి వచ్చింది ఒక్కటే. ఇంకో మండలం కూడా అడిగింది. నిన్న అక్కడ సైరన్ మోగిస్తే జనం తలుపులేసుకుని పడుకున్నారట. ఎవరు బాగా వెనకబడి ఉన్నారో వాళ్ళకే ముందివ్వాలని మా నిబంధన. మీ ఊరు తన్ను తాను కాపాడుకోగలదు.”

జయచంద్రకు ఎండ ఒక్కసారిగా నెత్తికెక్కింది. బాగా జరగాలని ఆయన ఇన్నాళ్ళూ పడ్డ తపన ఇలా ఎదురు తిరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. “మేడమ్, వీళ్ళు డ్రిల్లు కోసం రాలేదు. ఇంటి జాగాలిస్తామనుకుని వచ్చినారు” అని నిజం చెప్పేశాడు.

పద్మప్రియ నవ్వింది. “గొప్ప పని చేసి కూడా ఇంత వినయమా!”

ఇక లాభం లేదని జయచంద్ర మైకు అందుకున్నాడు. “అందరూ వినండి. ఈడ నీళ్ళు ఇయ్యరు. విత్తనాలు ఇయ్యరు. జాగాలూ ఇయ్యరు. ఎవురికీ ఏమీ ఇయ్యరు!”

బయమ్మ లేచి నిలబడింది. “ఏమీ ఇయ్యకపోతే ఈయమ్మ అంత దూరం నుంచి యాలకొచ్చినట్లప్పా?”

అందరి కళ్ళూ పద్మప్రియ మీదికి తిరిగాయి. ఆమె గబగబా వెళ్ళి జీపెక్కింది. అయితే మధ్య దారి అప్పటికే మూసుకుపోయింది. ఎవరూ అరవలేదు, ఒక్క రాయి లేవలేదు. బిందెలు తెచ్చి జీపు చుట్టూ పెట్టి, ఇందాకటి లాగే వరుసగా కూర్చున్నారు. మంచాలు కూడా తెచ్చి అడ్డంగా వేశారు. డ్రైవరు హారన్ కొట్టాడు. బయమ్మ మరిది మంచం మీద నుంచే చేయెత్తి నమస్కారం పెట్టాడు.

“కొళాయి రాదు, జాగా ల్యా. ఏదో ఒగటి చెప్పి పోవల్ల” అంది బయమ్మ.

పొద్దు నడినెత్తికొచ్చింది. జీపులో పద్మప్రియ ముఖం కందిపోయింది. సీసాలో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అది గమనించి బయమ్మ మనవరాలిని ఇంటికి పంపి చెంబు నిండా నీళ్ళు తెప్పించింది. “తాగు తల్లీ, సొమ్మసిల్లేవు.”

ఆమె గటగటా తాగింది. “కొళాయి రావడం లేదన్నారు కదమ్మా?”

“మనిషి తాగేదానికి ఎట్లో ఒగట్ల దాచిపెట్టుకుంటాం. అగ్గి పడితేనే ఏం చేయలేము.” బయమ్మ వెనక్కి తిరిగింది. “వీరప్పా, ఈయమ్మకు చెప్పు.”

వీరప్ప జీపు దగ్గరికి వచ్చి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. “చెప్పేదానికేముందమ్మా. వామి అంటుకునింది. రెండెద్దుల్నీ ఇప్పుదామని పోయినా. ఒగదాన్నే ఇప్పినా. రెండోదాని కాడికి పోయేలోపల మంట అడ్డమొచ్చింది. అది నా పక్కే చూస్తాండె. మీ బండి బిరీన వచ్చింటే...” అని ఆపేశాడు. కాసేపాగి, “జత పోయిన ఎద్దును ఏం చేసుకునేది? దాన్నీ అమ్మేసినా” అన్నాడు.

పద్మప్రియ చెంబు బయమ్మకు తిరిగిచ్చి జీపు దిగింది. జయచంద్రను దగ్గరికి పిలిచి చిన్నగా అడిగింది.

“సైరన్ మోగలేదు. జనం ఎందుకొచ్చారో జనానికే తెలీదు. పరిశీలనకి వచ్చిన మనిషిని ఎండలో నిర్బంధించారు. ఆమెని విడిపించే ఏర్పాటు మండలంలో లేదు. ప్రజారక్షణలో ఈ మండలం అన్నిటికంటే వెనకబడి ఉందని రాస్తాను. మీకు అభ్యంతరమా?”

జయచంద్ర చేతులు జోడించాడు. “ఇంకా కొంచెం ఘోరంగా రాయండి మేడమ్.”

అట్లా రాస్తే ఫైరింజన్ మనకే వస్తుందని మైకులో చెప్పగానే మంచాలు పక్కకు జరిగాయి. ఎర్రబోడుపల్లి అన్నిటికంటే పనికిమాలిన మండలమని డిప్యూటీ తహసీల్దారు ప్రకటిస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. బయమ్మ తన బిందె తీసుకుని, ఇంటి జాగాల క్యూ ఎప్పుడు పెడతారో తనకు ముందుగా చెప్పమని తిప్పన్నను హెచ్చరించి వెళ్ళింది.

వానాకాలం మొదట్లో ఫైరింజన్ వచ్చింది. ఎర్రగా, కొత్తగా, అద్దాల మీద కవర్లు కూడా తీయకుండా. తెచ్చిన మనిషి దాన్ని ఆఫీసు ముందు నిలిపి, తాళంచెవి జయచంద్ర చేతిలో పెట్టి, అనంతపురం బస్సెక్కి వెళ్ళిపోయాడు. వీరప్ప టెంకాయ కొట్టాడు. కృపాకుమారి అందరికీ కేసరి చేసి పంపింది. హడావుడి తగ్గాక జయచంద్ర పై ఆఫీసుకు ఫోన్ చేసి, డ్రైవరు ఎప్పుడొస్తాడని అడిగాడు.

“డ్రైవరా?” అన్నారు అవతలివాళ్ళు. “బండి రక్షణ పద్దులో వస్తుందండీ, డ్రైవరు జీతాల పద్దులో రావాలి. ఆ పద్దుకి ప్రణాళిక వచ్చే ఏడాది వేస్తారు.”

అప్పటిదాకా మండలంలో ఎక్కడా నిప్పంటుకోకుండా చూసుకోమని జయచంద్రకు మౌఖిక ఆదేశాలు అందాయి.