మైనస్ పదకొండుకు తగిన ఫ్రేము

కళ్ళజోడు ఫ్రేమును ఎంచుకునే అధికారం, కళ్ళజోడు అక్కర్లేని వాళ్ళకే ఉంటుంది. ఇది లోకరీతి. కొత్తది పెట్టి చూసుకోవాలంటే పాతది తియ్యాలి. తీస్తే అద్దంలో కనిపించేది తన ముఖమో, గోడ గడియారమో తెలియదు. (తెలిసేవాళ్ళు ఆ దుకాణానికి రానక్కర్లేదు.)

లెక్కల టీచరుకు మైనస్ పదకొండు. పాత బడిలో ఏళ్ళ తరబడి 'సోడాబుడ్డి టీచర్' అనిపించుకుంది. సోమవారం కొత్త బడిలో చేరాలి. ఆ పేరు అక్కడికీ వెంటబడకూడదని, వదినను తోడు తీసుకుని దుకాణానికి వచ్చింది. వదినకు చూపు భేషుగ్గా ఉంటుంది, ఓపికే తక్కువ.

టీచరు వెడల్పాటి నలుచదరం ఫ్రేము మీద మనసు పడింది. మందం నివారణాధికారి (మామూలుగా సేల్స్‌మన్ అంటారు) తల అడ్డంగా ఊపాడు.

"మీ పవర్‌కి ఫ్రేము పెద్దదైతే అద్దం అంచు లావైపోతుంది మేడం. చిన్నగా, గుండ్రంగా ఉండాలి. కంటిపాప నట్టనడుమకి రావాలి."

"ఇంకా పల్చగా రావాలంటే?"

"ఇంకా చిన్నది పెట్టాలి."

"అన్నిటికన్నా పల్చగా?"

"అసలు పెట్టుకోకపోతేనే మేడం."

ఫోన్‌తో ఫొటో తీసి చూసుకుందామంటే నిబంధనలు ఒప్పుకోవట (డిజైన్లు బయటికి పొక్కుతాయని). పాపం, అద్దానికి ముక్కు ఆనించి చూసింది. ఒక కన్నూ, అర ముక్కూ కనిపించాయి. ఆ మేరకు బాగానే ఉన్నాయి.

పెట్టిన కొద్దీ ఫ్రేములు చిన్నవైపోతున్నాయి.

"ఎలా ఉంది వదినా?"

"బ్రహ్మాండం," అంది వదిన, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

చివరికి అధికారి చప్పుడు కాకుండా పిల్లల ఫ్రేముల అర తెరిచాడు. వదినకు అదీ బ్రహ్మాండమే.

ఆదివారం సాయంత్రం జోడు తయారైంది. అద్దాలు నిజంగానే పల్చగా వచ్చాయి. టీచరు మురిసిపోతూ పెట్టుకుని అద్దంలో చూసుకుంది. అంత ముఖం మీద రెండంటే రెండు చొక్కా గుండీలు! తెల్లారితే ఏడో తరగతి ఎదుట నిలబడాలి.

"ఇదేనా వదినా నీ బ్రహ్మాండం?"

"పల్చగా కావాలన్నావు, వచ్చాయి. ముఖం సంగతి నువ్వడిగితే కదా."

టీచరు అధికారి వైపు తిరిగి ఫ్రేము మార్చమంది. అతను ఎంతో మర్యాదగా గోడమీది బోర్డు చూపించాడు. పాత జోడుకు అందని చీమతలకాయంత అక్షరాలు, కొత్త అద్దాల్లోంచి ముత్యాల్లా కనిపించాయి:

'ఎంచుకొనుటకు ముందే స్వయముగా, క్షుణ్ణముగా చూసుకొనవలెను.'