ఎడమవైపు వెనక తలుపు

పక్కింటివాడి అసూయ ఇరవై పాయింట్ల కిందికి దిగితే తప్ప కారు మోడల్ మార్చకూడదన్నది నియమం కాబట్టి, అక్టోబరు మొదటి సోమవారం ఉదయం తొమ్మిదింటికి వాల్డెన్‌హోఫ్ కార్ల కంపెనీ తరఫున అసూయ పరిశీలకురాలు హైమావతి విశాఖపట్నంలోని సాగరదీపం కాలనీకి వచ్చి, దన్నాన సింహాచలం చేత చొక్కా పైకెత్తించి, పక్కటెముకల కింద మీటరు ఆనించింది. ముల్లు కాసేపు ఊగి అరవై ఒకటి దగ్గర ఆగింది.

"మళ్లీ అరవై ఒకటే," అంది హైమావతి ఫారంలో రాసుకుంటూ. "పదకొండేళ్లుగా ఇదే అంకె. మీకు విసుగు రాదా సార్?"

"వస్తాది మేడమ్. కానీ ఇది తగ్గదు," అన్నాడు సింహాచలం చొక్కా దించుకుంటూ.

ఖరీదైన పెద్ద కార్లు అమ్మేటప్పుడు షోరూము వాళ్లు ఇన్సూరెన్సు, నంబరు ప్లేటు, చక్రాల కింద పెట్టుకోవడానికి నాలుగు నిమ్మకాయలతో పాటు ఒక అసూయపరుణ్ణి కూడా నమోదు చేసి ఇస్తారు. అతని ఇల్లు కారు ఉండే ఇంటికి నూరడుగుల లోపు ఉండాలి. అతని వాకిట్లోంచి చూస్తే కారు అడ్డం లేకుండా కనపడాలి. అతనికి అంతకంటే చిన్న బండి ఒకటి ఉండి తీరాలి. బొత్తిగా బండే లేనివాడు పెద్ద కారుని చూసి కుళ్లుకోడనీ, దారిచ్చి పక్కకి తప్పుకుంటాడనీ కంపెనీ సర్వేలో తేలింది. షిప్పింగు ఆఫీసులో హెడ్ గుమాస్తా అయిన సింహాచలానికి అప్పటికే ఏడేళ్ల వయసున్న స్కూటరు ఉంది. పక్కింటి జగపతివర్మగారు రీజెంట్ అనే ఆ ఏనుగంత కారు కొన్నప్పుడు, ఫారంలో గళ్లన్నీ నిండినవాడు కాలనీ మొత్తానికి సింహాచలం ఒక్కడే. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. దానికి ప్రతిఫలంగా దసరాకి స్వీటు పెట్టె, జనవరిలో కేలండరు అందుతున్నాయి.

మామూలుగా ఏ మోడలైనా ఆరేళ్లకి పాతబడుతుంది. ఇంకా ఒకరి కళ్లు కుడుతున్న వస్తువుని మార్చడం దండగనీ, ఎవరి కళ్లూ కుట్టని వస్తువుని అట్టేపెట్టడం పరువు తక్కువనీ కంపెనీ సిద్ధాంతం. రీజెంట్‌కి దేశమంతటా మూడువందల పన్నెండు మంది నమోదిత అసూయపరులు ఉండేవారు. ఆరో ఏటికి సగం మంది చల్లబడ్డారు. కొందరు వాయిదాల మీద తామే కార్లు కొనుక్కున్నారు. కొందరికి పక్కింటివాడి మీద కంటే సొంత తోడల్లుడి మీద ఏడవడమే ఎక్కువ తృప్తిగా తోచి, బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నారు. ఎనిమిదో ఏటికి మూడువందల పదకొండు మంది సున్నాకి చేరారు. మిగిలింది సింహాచలం. నియమం ప్రకారం ఒక్కడు మిగిలినా మోడల్ మారదు.

దీనివల్ల ఎక్కువ నలిగిపోయింది వర్మగారు. ఆయన భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ రొయ్యల మేత వ్యాపారి. మేనల్లుడి పెళ్లిలో మైకు పుచ్చుకుని, బతికుండగా రీజెంట్ తప్ప ఇంకో కారు ఎక్కనని పదిహేను వందల మంది భోజనాలు చేస్తుండగా ప్రకటించారు. అంతమంది విన్న మాటని వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆ మేనల్లుడేమో ఎదురింట్లోనే దిగి వేరే కంపెనీ కారు కొన్నాడు. ఆ కంపెనీ ఎవరి కడుపూ కొలవకుండా మూడేళ్లకోసారి మోడల్ మార్చేస్తుంది. దానికి ఇప్పటికి రెండుసార్లు కొత్త ముఖం వచ్చింది, పైకప్పు అంతా అద్దమైంది. వర్మగారు పొద్దున్నే పేపరు అడ్డం పెట్టుకుని ఆ అద్దం వైపు చూస్తూ కూర్చునేవారు. ఆయన మంటకి మీటరు పెట్టేవాడు లేడు.

ఒక ఆదివారం ఆయన పూతరేకుల పొట్లం పట్టుకుని సింహాచలం ఇంటికి వచ్చారు.

"ఏవండీ సింహాచలం గారూ, మీకు దణ్ణం పెడతానండీ. మా కారు మీద ఏడవడం మానేద్దురూ."

"మానేద్దామనే చూస్తన్నానండి. అవట్లేదు."

"అసలేం చూసండీ అంత ఇదీ? లైట్లు పచ్చబడిపోయాయి. ముందర ఆ జల్లెడ చూడండి, ఇనప్పెట్టె తలుపులాగ. మావాడి కారు చూడండి, ఎంత బావుందో. దాని మీద ఏడవచ్చు కదండీ?"

"మీ కారు బాగోదని నాకూ తెల్సండి," అన్నాడు సింహాచలం నిజాయితీగా. వర్మగారి ముఖం చిన్నబోయింది. తన కారు బాగోదని తను అనడం వేరు, నమోదిత అసూయపరుడు అనడం వేరు. పూతరేకులు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

వర్మగారు రాసిన పద్నాలుగో ఫిర్యాదు తర్వాత కంపెనీ ప్రత్యేక విచారణకి ఒప్పుకుంది. నవంబరులో హైమావతి అరవై నాలుగు ఫొటోలతో మళ్లీ వచ్చింది. కారులో ఒక్కో భాగానికి ఒక్కో ఫొటో. సింహాచలాన్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీటరు ఆనించి, ఒక్కొక్కటే చూపించింది. ముందు లైట్లు, సున్నా. చక్రాలు, సున్నా. తోలు సీట్లు, సున్నా. స్టీరింగు దగ్గర ముల్లు కొంచెం కదిలింది గాని అది సింహాచలం తుమ్మడం వల్ల. అరవై నాలుగూ అయిపోయాయి. హైమావతి మీటరుని ఒకసారి తట్టి చూసింది.

అప్పుడు తొమ్మిదయింది. రోజూలాగే వర్మగారు భార్య శ్యామలాదేవిని వెంటబెట్టుకుని బయటికి వచ్చారు. డ్రైవరు ముందు కూర్చుని ఉన్నాడు. వర్మగారు తనే ఎడమవైపు వెనక తలుపు తీశారు. ఆవిడ తల తగలకుండా పైన అంచుకి అరచెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ కూర్చున్నాక, బయటికి వేలాడుతున్న చీర కుచ్చిళ్లని వంగి లోపలికి సర్ది, నెమ్మదిగా తలుపు మూశారు. ముల్లు ఒక్క ఊపున అరవై ఒకటికి లేచింది.

హైమావతి మీటరు వైపు, కారు వైపు, చివరికి సింహాచలం వైపు చూసింది. అతను కారు వైపు చూడటమే లేదు.

"మీరు ఎటు చూస్తున్నారు సార్?"

"మా వంటింటి కిటికీ వైపు మేడమ్."

కిటికీలో సింహాచలం భార్య మంగవేణి నిలబడి ఉంది. ఆమె చేతిలో సగం తోమిన గిన్నె ఉంది. గిన్నె మీద చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆ ఎడమవైపు వెనక తలుపునే చూస్తోంది. కారు వీధి మలుపు తిరిగాక చెయ్యి మళ్లీ కదిలింది.

"రోజూ ఇంతేనండి," అన్నాడు సింహాచలం. "ఆయన ఆ తలుపు తీస్తాడు, ఇది గిన్నె ఆపీస్తాది. పదకొండేళ్లు. నా వైపు ఒక్కసారి అలా చూసింది లేదండి. నాకు ఒళ్లు మండిపోతాది మేడమ్. ఆ కారు సముద్రంలో పడిపోతే బాగుణ్ణనిపిస్తాది."

హైమావతి ఫారం తీసింది. అసూయకు కారణం అన్న చోట భాగం పేరు, భాగం నంబరు రాయడానికి మాత్రమే జాగా ఉంది. కాబట్టి ఆమె 'తలుపు, వెనక, ఎడమ' అని రాసింది. రాసింది తప్పని ఆమెకి తెలుసు. అయితే కాలమ్ ఖాళీగా వదిలితే ఫారం తిరిగి వస్తుంది.

కారణం ఒక్క భాగమే అయినప్పుడు దాన్ని మరమ్మతు కింద మార్చవచ్చు, మోడల్ మార్పు కిందికి రాదు. నెల తిరక్కుండా మెకానిక్కులు వచ్చి వర్మగారి కారుకి దానంతటదే తెరుచుకునే తలుపు బిగించారు. మీట నొక్కితే సంగీతంతో తెరుచుకుంటుంది, పై అంచు మెత్తగా ఉబ్బుతుంది, కింద చిన్న గాలిగొట్టం చీర కుచ్చిళ్లని లోపలికి పీల్చుకుంటుంది. మొదటి రోజు వర్మగారు అలవాటు కొద్దీ అరచెయ్యి పెట్టబోతే తలుపు వద్దని హెచ్చరించింది. మూడో రోజుకల్లా ఆయన ముందే తన వైపు ఎక్కి ఫోను చూసుకుంటున్నారు. శ్యామలాదేవి తలుపు ముందు కాసేపు నిలబడి, తనే ఎక్కింది. మంగవేణి గిన్నెలు ఆగకుండా తోమింది. ఆ వారం సింహాచలం రీడింగు సున్నా. కంపెనీ సంతోషించి, కొత్త మోడల్‌కి ఆమోదం ఇచ్చింది.

సింహాచలానికి పన్ను పీకించుకున్న చోట నాలుక పెట్టి చూసుకున్నట్టుగా ఉండేది. పొద్దున్నే లేచి కాసేపు వరండాలో నిలబడి, కుళ్లుకోవడానికి ఏమైనా ఉందేమోనని చూసి, లోపలికి వచ్చేవాడు. ఆ జనవరిలో కేలండరు రాలేదు.

ఏప్రిల్‌లో వర్మగారి కొత్త రీజెంట్ దిగింది. దానికి అసూయపరుణ్ణి నమోదు చేయడానికి హైమావతి వచ్చింది. సింహాచలం సున్నా. పాలబూత్ ఆయన సున్నా. కారు బాగుంది, అందరికీ నచ్చింది, కాని ఎవరికీ మండలేదు. ఆమె విసిగిపోయి వీధిలో నిలబడి ఉండగా, చేతిలో మీటరు దానంతటదే కూత పెట్టింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వర్మగారి మేడ మీది బాల్కనీ వైపు తిప్పినప్పుడు కూత పెరిగింది. ఈమధ్య వర్మగారితో కారులో వెళ్లడం మానేసిన శ్యామలాదేవి అక్కడ పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తోంది.

కింద సింహాచలం గేటు ముందు స్కూటరు ఆగి ఉంది. సింహాచలం రోజూ ఆఫీసుకి వెళ్తూ మంగవేణిని బజారు దగ్గర దింపుతాడు. ఆమెకి మోకాళ్ల నొప్పి. ఆమె ఎడం చెయ్యి మొగుడి భుజం మీద వేసింది. అతను రెండు కాళ్లూ నేలకి గట్టిగా తన్నిపెట్టి, బండిని ఆమె వైపు కాస్త వొంచాడు.

"ఎక్కేవా?"

"ఆఁ, ఎక్కీసేను."

ఆ మాట వినపడ్డాకే అతను బండి కదిలించాడు. పద్దెనిమిదేళ్లుగా రోజూ చేస్తున్నదే. చేస్తున్నట్టు అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు. మీటరు డెబ్భై మూడు చూపించింది.

నియమాల్లో స్కూటరు మీద అసూయపడకూడదని ఎక్కడా లేదు. అసూయపరుడికి చిన్న బండి ఉండాలన్న షరతు పెద్ద కార్లకి మాత్రమే రాసి ఉంది కాబట్టి, పైనున్నవాళ్లు కిందివాళ్లని చూసి కుళ్లుకోకూడదనీ లేదు. వారం లోపల సింహాచలం స్కూటరు అసూయార్హ వాహనంగా, శ్యామలాదేవి దానికి నమోదిత అసూయపరురాలిగా పుస్తకంలోకి ఎక్కారు. షరతులు కొద్దిగానే ఉన్నాయి. రీడింగు ఇరవై దాటి ఉన్నన్నాళ్లూ ఆ బండిని మార్చకూడదు, అమ్మకూడదు. రోజూ తొమ్మిదీ పదికి బయల్దేరాలి. 'ఎక్కేవా' అన్న మాట పక్కింటి మేడ మీదికి వినపడాలి. సింహాచలం చదవకుండానే సంతకం పెట్టాడు. తన జీవితంలో ఒకరికి కడుపుమంట పుట్టించడం అదే మొదటిసారి. ఆ ఆనందంలో ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడే వర్మగారు గేటు దగ్గరికి వచ్చారు. "ఇదేం చోద్యమండీ? కోటిన్నర కారు వాకిట్లో పెట్టుకుని మా ఆవిడ మీ డొక్కు బండి చూసి ఏడవడమేంటండీ?" సింహాచలం ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఏడుపు ఒక పట్టాన తగ్గదని, తనకి అనుభవం కాబట్టి చెబుతున్నానని ఓదార్చాడు.

ఆ రోజు నుంచి సింహాచలం ఇస్త్రీ చొక్కా లేకుండా స్కూటరు తియ్యలేదు. కుడివైపు అద్దాన్ని పైకి తిప్పి బాల్కనీ కనపడేలా బిగించుకున్నాడు. మంగవేణి భుజం మీద చెయ్యి వేసేటప్పుడు అతను ఆ అద్దంలోకే చూసేవాడు. మాటని గట్టిగా, సాగదీసి అనేవాడు. శ్యామలాదేవికి అంతా కంఠతా వచ్చేసింది. ఈమధ్య ఆవిడ కళ్లు మూసుకునే వింటోంది. కొలతప్పుడు కళ్లు తెరిచి ఉండాలని నియమం లేదు.

"మోకాలు బాగా నొప్పెడతందండి," అంది మంగవేణి ఒక సాయంత్రం. "సీటు ఎత్తు తక్కువది ఇంకో బండి కొందాం. ఇది ఎక్కలేకపోతన్నాను."

"ఇప్పుడు మార్చకూడదు మంగా. రీడింగు డెబ్భై మీదుంది."

మంగవేణి గిన్నెల దగ్గరికి వెళ్లింది.

అక్టోబరు మొదటి సోమవారం హైమావతి బాల్కనీలో నిలబడి శ్యామలాదేవి పక్కటెముకల కింద మీటరు ఆనించింది. కింద సింహాచలం స్కూటరు స్టార్టు చేశాడు. అద్దంలో బాల్కనీ సరిగ్గా కనపడుతోందో లేదో చూసుకున్నాడు. గొంతు సవరించుకుని, "ఎక్కేవా?" అన్నాడు, వీధంతా వినపడేలా. జవాబుకి ఎంతసేపు పడుతుందో అతనికి అలవాటే కాబట్టి అంతసేపూ ఆగి, చిరునవ్వుతో బండి కదిలించాడు.

మంగవేణి చెయ్యి అప్పటికింకా అతని భుజం దాకా రాలేదు. సంచీ పట్టుకుని ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆమె పిలవలేదు. స్కూటరు పాలబూత్ దాటి మలుపు తిరిగేదాకా చూసి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయింది.

శ్యామలాదేవి ఇంకా కళ్లు తెరవలేదు. హైమావతి పైనుంచి అంతా చూసింది. ముల్లు వైపు చూసింది, అది డెబ్భై మూడు మీదే ఉంది. జరిగినదాన్ని రాయడానికి ఫారంలో కాలమ్ లేదు. ఉన్న చోట అంకె వేసి, కింద రిమార్కుల్లో 'మోడల్ బాగా నడుస్తోంది, మార్పు అవసరం లేదు' అని రాసి, శ్యామలాదేవి చేత సంతకం పెట్టించుకుంది.