చక్రవర్తి అదనపు పతనాలు

ఏ సామ్రాజ్యమైనా కూలదలిస్తే పదిహేను రోజులు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. నాగరిక దేశానికి అదే గుర్తు. అనుమతించిన దానికంటే ఎక్కువసార్లు కూలితే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ సంజాయిషీ కోసమే ఎల్లాజీ శ్రీకాకుళం వెళ్తున్నాడు. అతని అప్ప, అంటే అక్క, తాయారు సంచీ సర్దుతోంది. పంచె, తువ్వాలు, అటుకుల పొట్లం, చైనా చక్రవర్తి జడ. (జడను సాక్ష్యంగా తెమ్మన్నారు.)

శ్రీకూర్మం దగ్గరి ఆ ఊళ్ళో ఎల్లాజీ దర్జీ. నాటకాల్లో రాజు వేషమూ అతనిదే. ఆ ఏడు నాటకం చైనా చివరి చక్రవర్తి పతనం. గద్దె దిగేనాటికి ఆ చక్రవర్తికి ఆరేళ్ళు. ఎల్లాజీకి నలభై దాటాయి. రాగం తీయగల ఆరేళ్ళవాడు ఊళ్ళో దొరకలేదు గనక మీసం తీయించి అతన్నే కూర్చోబెట్టారు.

అది 1969. నక్సలైట్ల కోసం పోలీసులు గాలిస్తున్న జిల్లాలో చైనా అన్న మాట వినబడితే తలుపులు వాటంతటవే మూసుకునేవి. అయినా సామ్రాజ్య పతనాల ప్రత్యేకాధికారి నరసింగరావు గారు దయతలచి అనుమతి ఇచ్చారు. షరతులు కొద్దే. సామ్రాజ్యం ఒక్కసారే కూలాలి. గణతంత్రం వచ్చినప్పుడు జనం సంతోషించవచ్చు గాని, కూర్చునే సంతోషించాలి.

నాటకం రక్తికట్టింది. తప్పంతా అక్కడే వచ్చింది. గద్దె దిగుతూ ఎల్లాజీ పాడిన పద్యానికి "వన్స్ మోర్" పడింది. వన్స్ మోర్ అన్నాక పాడకపోవడం మన వైపు మర్యాద కాదు. ఆ పద్యమేమో గద్దె మీద పాడేది. అంచేత చక్రవర్తి మళ్ళీ ఎక్కాడు. విప్లవకారులు అప్పుడే తెచ్చిన గణతంత్రాన్ని తెర వెనక్కి తీసుకుపోయారు. వాళ్ళు కత్తిరించిన జడను ఎల్లాజీ రెండు కుట్లు వేసి తగిలించుకున్నాడు. సామ్రాజ్యం మళ్ళీ కూలింది. మళ్ళీ వన్స్ మోర్. (అసలు చైనాలో కూడా ఇంత బాగా కూలి ఉండదని హార్మోనియం దాలయ్య అభిప్రాయం.) మంగళం పాడేసరికి అనుమతి లేని పతనాలు మూడు తేలాయి.

"ఒరే, ఆఫీసరుకి ఏటి సెప్తావు?" అంది తాయారు, జడను తువ్వాల్లో చుడుతూ.

"ఉన్నదే సెప్తాను. అడిగినారు, పాడినాను."

"ఎవులడిగినారంటే?"

"ముందు కుర్సీలో కూకుని మొట్టమొదట అడిగింది ఆ ఆఫీసరే గదప్పా."

తాయారు లేచి వీధి తలుపు వేసింది. "ఆ ముక్క అనకు. గొంతు బాగోక తప్పు పాడినాను, అందుకే మళ్ళీ పాడినాను అను. నీకు దణ్ణం పెడతాను."

"నానేటి, తప్పు పాడ్డమేటి? జడయితే కోసుకోమను. ఆ మాట మాత్రం అనను."

నవ్వుతూనే బస్సెక్కాడు. కిటికీలోంచి తల బయటపెట్టి ఆ పద్యమే ఎత్తుకున్నాడు. బస్సులో ఎవరో వన్స్ మోర్ అన్నారు.

తర్వాత తాయారు వెళ్ళి తమ్ముడి సంగతి అడిగితే ఆఫీసులో మర్యాదగా బల్ల మీద కూర్చోబెట్టారు. జడ ముట్టినట్టు రసీదు ఇచ్చారు. మనిషికి రసీదు ఇచ్చే పద్ధతి లేదట.

గద్దె దిగిన కొన్నేళ్ళకు చైనా చక్రవర్తి మళ్ళీ వచ్చి పన్నెండు రోజులు కూర్చుని వెళ్ళాడని తాయారు ఎక్కడో చదివింది. ఎల్లాజీ 1969 కార్తీకంలో వెళ్ళాడు. రాలేదు.