గోల తీసేసిన ఆల్బమ్

ఆ ఉదయం ఉరుము వేసుకున్న పథకం చాలా చిన్నది. చిన్నమామగారి స్టూడియోకి వెళ్లడం, తన హెవీ మెటల్ బృందం తొలి ఆల్బమ్ తీసుకోవడం, సాయంత్రం నాలుగింటికి అక్కడికే వచ్చే ఆడియో కంపెనీ మేనేజరు చేతిలో పెట్టడం. ఉరుము అన్నది బృందం పెట్టిన పేరు. వేదికెక్కితే కడుపులోంచి గర్జిస్తాడు మరి. నాలుగేళ్లు తిరిగితే దొరికిన ఒకే ఒక్క అవకాశం ఇది.

చిన్నమామగారంటే భార్యకి బాబాయి. ముప్పయ్యేళ్లు రేడియోకి పిల్లల పాఠాలు రికార్డు చేసిన మనిషి. ఫ్యాను చప్పుడు వినిపించినా ఆయన ప్రాణం విలవిల్లాడిపోతుంది. అలాంటాయనకి, శబ్దాల హెచ్చుతగ్గులు కాస్త సరిచూడమని పాటలన్నీ అప్పగించి, ఉరుము నిశ్చింతగా ఉన్నాడు. అమాయకుడు.

"రెండు రోజులు కూర్చున్నాను అల్లుడుగారూ. అంత గోల నా జన్మలో వినలేదు. మొత్తం తీసేశాను," అన్నారాయన సంతోషంగా.

గిటార్ల బరబర వైరు లోపమనుకున్నారు. డ్రమ్ముల దడదడ పక్కింట్లో మరమ్మతు అనుకున్నారు. గర్జనైతే పాపం గొంతునొప్పి అనుకున్నారు. అన్నీ కత్తిరించగా నలభై నిమిషాల ఆల్బమ్‌లో మిగిలింది ఆరు నిమిషాలు. అందులో నాలుగు, డ్రమ్మరు టీ కోసం అడుక్కోవడం. అసలు ప్రతి ఉందా అంటే, చెత్త దాచుకునే అలవాటు తనకి లేదన్నారు.

ఉరుముకి ఏడుపొక్కటే తక్కువ. బృందాన్ని పిలిపించి ఉన్నపళంగా మళ్లీ రికార్డింగు మొదలుపెట్టాడు. మొదటి గర్జనకే చిన్నమామగారు హడలిపోయి కింది అంతస్తు డాక్టరుని లాక్కొచ్చారు. ఆ డాక్టరు పాట మధ్యలో జొరబడి, చెక్కపుల్లతో నాలుక నొక్కిపట్టి, గొంతులోకి టార్చి వేశాడు. ఉరుము నోట్లో పుల్లతోనే బెదిరి వెనక్కి తగ్గాడు. కాలికి వైరు చుట్టుకుంది. వెళ్లి డ్రమ్ముల మీద పడ్డాడు. పెద్ద డ్రమ్ము దొర్లుకుంటూ పోయి, చిన్నమామగారు ముప్పయ్యేళ్లుగా పసిబిడ్డలా చూసుకుంటున్న మైకుని ముక్కలు చేసింది.

అప్పుడాయన నోరు తెరిచారు. "ఒరేయ్" అన్న ఒక్క మాట నాభిలోంచి బయల్దేరి నిమిషం దాకా ఆగలేదు. కిటికీ అద్దాలు అదిరాయి. డాక్టరు టార్చి వదిలేశాడు. నాలుగింటికని వచ్చి అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన కంపెనీ మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకు ఈ గొంతే కావాలి," అన్నాడు. "మీకేం అభ్యంతరం లేదుగా ఉరుముగారూ?"

ఉరుముకి చాలా అభ్యంతరం ఉంది. కానీ నోట్లో పుల్ల ఉంది.

మూడు నెలలకి ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద చిన్నమామగారి ఫొటో. ఉరుము పేరు వెనకవైపు, కృతజ్ఞతల్లో, కుర్చీలు సర్దినవారి తరవాత.