ఎడమ కాలు కురచైన కప్ప

2011 జూన్ నాలుగో తేదీ, శనివారం. ఆ పొద్దున ఆల్టన్ తిన్నది అడుగంటిన మొక్కజొన్న జావ, వేయించిన గుడ్లు. భార్య నడీన్ పోయాక అతని వంట అక్కడికే వచ్చి ఆగింది. తిన్నాక స్నేహితుడు హాయ్ట్ పడవలో సరస్సుకు పోవడం, చాపలా అల్లుకున్న నాచు కింద కాపురముంటున్న పెద్ద బాస్ చేపను గాలానికి కట్టిన రబ్బరు కప్పతో ఊరించి పట్టడం, ఇంతే ఆ రోజు పని.

"మబ్బు పట్టింది. నల్ల కప్ప కట్టరా," అన్నాడు హాయ్ట్. "నడీన్ ఇచ్చింది ఉందిగా, తనే కాళ్ళు కత్తిరించి? ఆ ఎడమ కాలు కురచది కుంటుకుంటూ పోతుంటే నాకే నోరూరుతుంది, చేప ఎంత!"

ఆ కప్ప ఆల్టన్ చొక్కా జేబులోనే ఉంది. నడీన్ చేతి పని అదొక్కటే అతని వెంట తిరుగుతోంది. దాన్ని నాచుపాలు చేయడానికి మనసొప్పలేదు. "ఇంట్లో మరిచిపోయానురా," అని తెల్లది కట్టాడు.

హాయ్ట్ మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. వెంటనే ఆల్టన్ మరదలు లవర్న్‌కు ఫోన్ చేసి, వెతికి తెమ్మన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేయకుండానే ఆల్టన్ ఇల్లంతా తిరగేసినా దొరకలేదు. దొంగలు పడ్డారని పక్కింటివాళ్ళను పిలిచింది. వాళ్ళు పోలీసును పిలిచారు.

"ఏం పోయిందమ్మా?" అని అడిగాడాయన.

"కప్పండీ."

ఆయన కలం మూసేశాడు.

ఫోన్‌లో ఇదంతా వినబడుతుంటే ఆల్టన్ కంగారుగా దాన్ని అందుకోబోయాడు. జేబులోంచి కప్ప జారి హాయ్ట్ బూటు మీద పడింది.

"నీ ఇల్లు జేబులోకి ఎప్పుడు మార్చావురా?" అన్నాడు హాయ్ట్.

ఆల్టన్ తల దించుకుని నిజం చెప్పాడు. ఫోన్‌లో లవర్న్ వింటూనే ఉంది.

"అక్క కత్తిరించిందా? అయ్యో బావా, అది నా నిర్వాకం! కాళ్ళ రబ్బరు పోగులు వేలాడుతున్నాయని నేనే కత్తెర పెట్టా. ఒక కాలు కురచైపోయింది. 'నేనే చేశానంటాలే, నన్నేమీ అనడు' అంది అక్క."

ఆల్టన్‌కు గుండె తేలికైందో, ఖాళీ అయిందో తెలియలేదు.

"ఇంకేం మరి, కట్టు!" అన్నాడు హాయ్ట్.

కట్టాడు. కప్ప నాచు మీద కుంటుతూ రెండు గజాలు నడిచిందో లేదో, నీళ్ళు భళ్ళున బద్దలయ్యాయి. చేప కప్పను మింగి, నాచులోకి దూరి, దారం తెంపుకుని పోయింది.

సాయంత్రం లవర్న్ పీచ్ పళ్ళు కూరి 'పై' అనే తీపి రొట్టె కాల్చి తెచ్చింది. "పోనీలే బావా, కాలే కదా నాది. వీపు మీద పసుపు చుక్క మాత్రం అక్కే పెట్టింది, తన గోళ్ళ రంగుతో. నీ చూపు మందగించిందని. చెబితే నొచ్చుకుంటావని చెప్పనివ్వలేదు."

ఆ చుక్క కొట్లో కొన్నప్పుడే ఉందనుకున్నాడతను ఇన్నాళ్ళూ. మబ్బు రోజున ఎంత దూరం విసిరినా కనబడేది.

"పొద్దున చెప్పాల్సింది, లవర్న్."

"నువ్వు కాలు సంగతే కదా ఎత్తావు?"

అదీ నిజమే. ఆవిడను కారు దాకా సాగనంపి వచ్చి, ఆల్టన్ చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు. గట్టిగా వేస్తే ఆవిడకు ఇంకేదైనా గుర్తొచ్చి వెనక్కి వస్తుందేమోనని.